లెమేత్ర్ కొట్టివేసిన పేరా

1931వ సంవత్సరము మే 9వ తేదీన ఇంగ్లండునందలి ‘నేచర్’ పత్రికలో ఐదువందల మాటలకు మించని యొక చిన్న లేఖ అచ్చుపడినది. బెల్జియము దేశపు లూవేన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడును, కాథలిక్ మతగురువునైన జార్జ్ లెమేత్ర్ దానిని వ్రాసెను. నేడు మనము చూచుచున్న నక్షత్రములును, వానిని గుంపులుగా కూర్చుకొన్న గెలాక్సీలును, వాని నడుమనున్న ఆకాశమును ఒకానొకప్పుడు ఒకే మూలకణముగా నుండి, అది భేదిల్లుటతో విశ్వము ఆరంభమై యుండవచ్చుననియు, ఆ భేదనమునకు పూర్వము దేశమునకు గాని కాలమునకు గాని అర్థమే యుండదనియు అతడందు సూచించెను. ఆ లేఖకు టైపుచేసిన ప్రతి యొకటి నేటికిని నిలిచియున్నది. పత్రికలో కానరాని చివరి పేరా యొకటి ఆ ప్రతిలో కలదు; కాని అది కొట్టివేయబడియున్నది. సమస్తమైన ఉనికికిని, సమస్తమైన చేష్టకును ఆధారభూతుడైన పరమాత్మను నమ్మువాడు, ఆ పరమాత్మ స్వభావము చేతనే నిగూఢుడని కూడ నమ్మును గనుక, సృష్టిని మరుగుపరచు తెర యొకటి నేటి భౌతికశాస్త్రమునందు కానవచ్చుచున్నందుకు సంతసించునని దాని సారాంశము.

దేవుని పేరు చెప్పుటకు అంతకంటె తగిన సందర్భము ఒక మతగురువునకు దొరకదు. విశ్వమునకు ఆది కలదని గణితము చేతికి వచ్చినది. వ్రాసినవాడు ప్రతిదినము ప్రార్థన చేయువాడు. వ్రాసిన వాక్యములో అపచారమేమియు లేదు. అయినను అతడు దానిని పత్రికకు ఎక్కనీయలేదు. ఆధునిక విజ్ఞానమునకును దైవవిశ్వాసమునకును గల సంబంధమును గూర్చి నేను చదివిన పెక్కు వాదములకంటె, ఆ కొట్టివేత నాకు ఎక్కువ నేర్పినది.

విజ్ఞానము పెరిగినకొలది దేవునికి చోటు తరుగునని కొందరును, విజ్ఞానము పెరిగినకొలది దేవుడు నిరూపితుడగునని కొందరును మన సభలలో వాదించుట నిత్యము వినుచున్నదే. పైకి పరస్పరవిరుద్ధములుగా తోచు ఈ రెండు వాదములకును పునాది యొక్కటియే: ప్రకృతిలోని కారణముల వరుసలో దేవుడును ఒక కారణమై, మిగిలిన కారణములు చాలని చోట వచ్చి నిలుచునను తలంపు. ఈ తలంపునకు మూలపురుషుడు సామాన్యుడు కాడు. ఐజాక్ న్యూటన్ మహాశయుడే. గ్రహములు సూర్యుని ఆకర్షణబలమునకు మాత్రమే లోబడక, ఒకదానినొకటి కూడ లాగుకొనుచుండుటచే, వాని కక్ష్యలలో స్వల్పమైన లోపములు కలుగుచు, అవి కాలక్రమమున పెరిగి, తుదకు ఈ వ్యవస్థను మరల సరిదిద్దవలసిన అవసరము కలుగునని ‘ఆప్టిక్స్’ గ్రంథమున అతడు వ్రాసియున్నాడు. సరిదిద్దువాడు దేవుడని అతని భావము. పరమభక్తుడైన న్యూటన్ దీనిని దేవునికి మహిమగా భావించెను గాని, సమకాలికుడైన లైబ్నిట్జ్, తాను చేసిన యంత్రమును మాటిమాటికి బాగుచేసికొనవలసిన శిల్పిని సర్వజ్ఞుడని ఎట్లనవచ్చునని నిలదీసెను.

ఆ లోపము ఊహామాత్రము కాదు. బృహస్పతి వేగము క్రమముగా హెచ్చుచున్నట్లును, శని వేగము తగ్గుచున్నట్లును పదునేడవ శతాబ్దాంతము నాటికే జ్యోతిశ్శాస్త్రజ్ఞులు గుర్తించిరి. అట్లే జరుగుచు పోయినచో ఒకటి సూర్యుని వైపు జరుగవలెను, రెండవది దూరమునకు తొలగవలెను. దాదాపు నూరేండ్ల తరువాత, 1785 ప్రాంతమున, ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ దీని మర్మమును విప్పెను. బృహస్పతి ఐదుమారులు సూర్యుని చుట్టివచ్చుసరికి శని రెండుమారులు చుట్టివచ్చును. రెంటికిని పట్టుకాలము ఇంచుమించుగ ఏబదితొమ్మిదేండ్లు. (మన ప్రభవాది షష్టి సంవత్సర చక్రమునకును బృహస్పతి యొక్క ఐదు ప్రదక్షిణములే ఆధారమని పాఠకులు స్మరింపవచ్చును.) ఈ పొందిక సంపూర్ణము గాక కొంచెము తేడాతో కుదురుటచే, ఒక గ్రహము రెండవదానిని కొన్ని శతాబ్దములు ముందునకు నెట్టి, కొన్ని శతాబ్దములు వెనుకకు లాగును, ఆ లోలనము పూర్తియగుటకు సుమారు తొమ్మిదివందల యేండ్లు పట్టును. సరిదిద్దువారు ఎవరును లేకయే, న్యూటన్ చెప్పిన గురుత్వాకర్షణ సూత్రమే ఆ లోపమును తిరిగి పూడ్చుచున్నది. నెపోలియన్ ఎదుట లాప్లాస్ తన గ్రంథమున దేవుడను ఊహతో తనకు పనిపడలేదని పలికెనను కథ ప్రసిద్ధము. ఆ మాటలు అట్లే పలికెనో లేదో గాని, ఆ నాడు కూలినది న్యూటన్ చేసిన గణితము కాదు. ఆ గణితమునందలి కొరతలో అతడు నిలిపిన దేవుడు. శాస్త్రమునకు తెలియని చోటునే దేవుని ఆలయముగా కట్టుకొన్నవానికి, తెలిసిన దినముననే ఆ ఆలయము శిథిలమగును. భక్తునికి ఇంతకంటె గొప్ప నష్టమును ఏ నాస్తికుడును కలిగింపజాలడు.

లెమేత్ర్ ఈ అపాయమును దూరమునుండి చూచినవాడు కాడు. యౌవనమున తానును అందు అడుగిడినవాడే. 1894లో షార్లెర్వా పట్టణమున పుట్టి, ఇంజనీరింగు చదువుచుండగా 1914లో జర్మను సేనలు బెల్జియముపై బడుటచే చదువు మాని సైన్యమున చేరి, యుద్ధము ముగియువరకును పోరాడి, శౌర్యపతకము నొంది, పిమ్మట గణితమున డాక్టరేటు సంపాదించి, 1923లో గురుదీక్ష గైకొనెను. దీక్షకు ముందు 1921లో, బైబిలు మొదటి అధ్యాయమునందలి సృష్టివాక్యములకును నాటి భౌతికశాస్త్రమునందలి కాంతి విచారమునకును పొత్తు కుదుర్చుచు ఒక వ్యాసము వ్రాసికొనెను. అటుపిమ్మట కేంబ్రిడ్జిలో ఎడింగ్టన్ కడను, అమెరికాలో హార్వర్డు ఖగోళశాలలోను పనిచేసి తిరిగివచ్చిన లెమేత్ర్, అట్టి పొత్తులను మరల వెదకలేదు. ప్రవక్తలకు గణితము తెలియదనియు, తెలియవలసిన పనియు లేదనియు, మోక్షమార్గమును బోధించు గ్రంథమును ఖగోళశాస్త్రము కొరకు తెరచుట ఆ గ్రంథమునకును గౌరవము కాదనియు అతని పరిణతాభిప్రాయము.

1927లో అతడు ఫ్రెంచి భాషలో, బ్రస్సెల్సునందలి యొక శాస్త్రసమితి పత్రికలో ప్రకటించిన వ్యాసమును బహుకొలదిమంది మాత్రమే చదివిరి. దూరముననున్న గెలాక్సీలనుండి వచ్చు కాంతిని పట్టకముగుండ ప్రసరింపజేసినచో, అందలి రేఖలు ఉండవలసిన చోటునుండి ఎరుపు వైపునకు జరిగి కనబడుచుండెను. అనగా అవి మననుండి తొలగిపోవుచున్నవని నాడు గ్రహించిరి. ఐన్‌స్టైన్ సమీకరణములను సాధించిన లెమేత్ర్, గెలాక్సీలు ఆకాశములో పరుగిడుట లేదనియు, వాని నడుమనున్న ఆకాశమే వ్యాకోచించుచున్నదనియు నిర్ణయించెను. పులిసి పొంగుచున్న పిండిలోని జీలకర్ర గింజలు, తాము కదలకుండగనే ఒకదానికొకటి దూరమగుచుండును. ఏ గింజపై కూర్చుండి చూచినను మిగిలినవన్నియు తననుండియే తొలగుచున్నట్లు తోచును. దవ్వుననున్నది మరింత వేగముగ తొలగును. దూరమునకును వేగమునకును గల ఆ అనుపాతమును అతడు లెక్కకట్టి, ప్రతి 32.6 లక్షల కాంతిసంవత్సరముల దూరమునకు సెకనుకు ఇంచుమించు 600 కిలోమీటర్ల చొప్పున వేగము హెచ్చునని తేల్చెను. అమెరికాలో హబుల్ ఇదే అనుపాతమును తన పరిశీలనలచే స్థాపించినది 1929లో. రెండింటినిబట్టియే 2018లో అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సంఘము ఆ సూత్రమునకు హబుల్–లెమేత్ర్ సూత్రమని పేరుంచవలెనని తీర్మానించెను.

1927 అక్టోబరులో బ్రస్సెల్సున జరిగిన సాల్వే సమావేశమునకు వచ్చిన ఐన్‌స్టైన్, లెమేత్ర్‌ను కలిసికొని, అతని గణితమునందు దోషము లేదు గాని భౌతికశాస్త్రదృష్టిచే అది సహింపరానిదని ముఖముమీదనే చెప్పెనట. రష్యా దేశీయుడైన ఫ్రీడ్‌మన్ 1922లోనే ఇట్టి సాధనలను కనుగొనియుండెనను సంగతియు లెమేత్ర్‌కు అప్పుడే తెలియవచ్చినది. నాడు అందరి మనస్సునందును విశ్వము అనాది, అచలము. గురువైన ఎడింగ్టన్, శిష్యుని వ్యాకోచసిద్ధాంతమును లోకమునకు చాటిన పుణ్యాత్ముడే యైనను, క్వేకర్ మతమునందు నిష్ఠగలవాడే యైనను, ప్రకృతికి హఠాత్తుగా ఒక ఆది యుండుట తన మనస్సునకు రుచింపదని 1931 ఆరంభమున స్పష్టముగ పలికెను. ఆ పలుకులకు ప్రత్యుత్తరమే ‘నేచర్’ పత్రికలోని లేఖ. చూడుడు: ఆదిని కాదన్నవాడును భక్తుడే, ఔనన్నవాడును భక్తుడే. విశ్వాసము ఒక్కటియే సమీకరణమును ఎటువైపునకును త్రిప్పదని ఇక్కడనే తేలిపోవుచున్నది.

అసలైన పరీక్ష ఇరువది యేండ్లకు వచ్చినది. 1951 నవంబరు 22వ తేదీన పన్నెండవ పయస్ పోపు, వాటికన్ శాస్త్రపరిషత్తును ఉద్దేశించి చేసిన ప్రసంగమున, విజ్ఞానము యుగయుగాల వెనుకకు చూపుసారించి, వెలుగు కలుగుగాక యని దేవుడు పలికిన ఆదిక్షణమునకు సాక్షియైనదను అర్థమున మాటలాడెను. లోకమెల్ల ఈ మాటలను ఉత్సాహముతో ప్రచురించెను. సిద్ధాంతకర్త అదే పరిషత్తులో సభ్యుడు, ఆ పోపునకు విధేయుడైన మతగురువు. తన సిద్ధాంతమునకు క్రైస్తవలోకాధిపతియే కిరీటము పెట్టుచుండగా అతడు సంతోషింపవలసినది పోయి, మిక్కిలి కలతచెందెను. రోమునకు పోయి, వాటికన్ ఖగోళశాలాధ్యక్షుడైన ఫాదర్ ఓ కానెల్‌తో ఈ విషయమై సంభాషించెను. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సంఘము రోమునగరముననే సమావేశమైనప్పుడు, వందలకొలది జ్యోతిశ్శాస్త్రజ్ఞుల యెదుట ప్రసంగించిన పోపు, విశ్వారంభమును దేవునికి రుజువుగా చూపు మాటను ఎత్తలేదు.

లెమేత్ర్ భయము ఎంత సహేతుకమో ఆ రోము సమావేశమే నిరూపించినది. ఆనాటి లెక్కలచొప్పున వ్యాకోచవేగమునుబట్టి వెనుకకు గణించినచో విశ్వము వయస్సు 200 కోట్ల యేండ్లకు లోపుగనే తేలుచుండెను. రాళ్లలోని యురేనియము క్షయమునుబట్టి భూగర్భశాస్త్రజ్ఞులు కట్టిన భూమి వయస్సు 300 కోట్ల యేండ్లు దాటుచుండెను. తల్లికంటె బిడ్డకు వయస్సు హెచ్చైనట్టి ఈ చిక్కు సిద్ధాంతమును ఏండ్ల తరబడి వేధించినది. దూరములను కొలుచుటకు ఉపయోగించు సెఫీడ్ అను స్పందించు నక్షత్రములలో రెండు జాతులు కలవనియు, వానిని ఒకటిగ భావించుటచే గెలాక్సీల దూరములన్నియు సగమునకు తగ్గి లెక్కింపబడినవనియు వాల్టర్ బాడే రోము సభలో ప్రకటించెను. ఒక్క ప్రకటనతో విశ్వము రెండింతలైనది, దాని వయస్సును రెండింతలైనది. నేటి కొలతలచే అది సుమారు 1380 కోట్ల యేండ్లు. కొలతలు ఇట్లు మారుచుండుట శాస్త్రమునకు లోపము కాదు, ప్రాణము. కాని ఆ కొలతకు భగవంతుని ముడివేసినవాడు, కొలత మారినప్పుడెల్ల తన విశ్వాసమునకు క్రొత్త సమర్థనము వెదకికొనవలసియుండును.

నాస్తికపక్షమునను ఇదే ప్రలోభము కలదు. కేంబ్రిడ్జికి చెందిన ఫ్రెడ్ హోయల్, బాండీ, గోల్డ్ అను మువ్వురు 1948లో స్థిరస్థితి సిద్ధాంతమును ప్రతిపాదించిరి. విశ్వము వ్యాకోచించుచున్నను, ఖాళీయైన చోట క్రొత్త ద్రవ్యము మిక్కిలి మందముగ పుట్టుచుండుటచే దానికి ఆదియంతములు లేక ఎల్లకాలము ఒకేరీతిగ నుండునని దాని సారము. 1949లో బీబీసీ రేడియో ప్రసంగమున ప్రతిపక్షమునకు ‘బిగ్ బ్యాంగ్’ అను పేరు పెట్టినవాడు హోయలే. ఆది అనుదానిలో అతనికి మతవాసన తగిలినది. ఆ సిద్ధాంతము గణితదృష్టిచే గౌరవనీయమైనదే. మనదేశీయుడైన జయంత నార్లీకర్ హోయల్‌తో కలిసి దానిని దీర్ఘకాలము పోషించెను. అయితే ఒక సిద్ధాంతము దేవునికి అనుకూలమో ప్రతికూలమో చూచి ఇష్టాయిష్టములను పెంచుకొనుట, ఆస్తికునియందు ఎంత తప్పో నాస్తికునియందును అంతే తప్పు.

1958లో బ్రస్సెల్సున మరల సాల్వే సమావేశము జరిగినది. హోయల్ మొదలగువారు కూర్చుండియున్న ఆ సభలో లెమేత్ర్, తన సిద్ధాంతము తాను చూడగలిగినంతవరకు మతతత్త్వవిచారములకు పూర్తిగ బాహ్యమనియు, పరమాత్మను నిరాకరించు భౌతికవాదికి అది పూర్ణస్వేచ్ఛ నిచ్చుననియు, నమ్మువానికి మాత్రము దేవునితో అతిచనువుగ మెలగు అవకాశమును తొలగించుననియు చెప్పెను. ఆ కడపటి అంశమునందే అతని భక్తియంతయు కలదని నాకు తోచును. దేవుని పనిని గణితమున పట్టుకొంటిమని గంతులువేయుట అతని దృష్టిలో ఆస్తికత కాదు, అవినయము. ఉపనిషత్తులు చదివిన మన పాఠకులకు ఈ దృష్టి అపరిచితము కాదు. ఋగ్వేదమునందలి నాసదీయసూక్తము సృష్టిమూలమును గూర్చి ప్రశ్నలడిగి, ఉత్తరమును నిశ్చయింపకయే ముగియుచున్నది.

అట్టి సూక్తమును కన్న దేశముననే, ఏ క్రొత్త విషయము వెలువడినను అది మన శాస్త్రములలో ముందే కలదని తృప్తిపడు అలవాటు పెరిగినది. నక్షత్రముల కాంతినుండి వాని ఉష్ణోగ్రతలను చదువుటకు మార్గము చూపిన మేఘనాద సాహా, ఢాకాలో ఒక న్యాయవాదికి తన పరిశోధనను వివరింపగా, ఇందు క్రొత్తదనమేమి, ఇదంతయు వేదములలో కలదే యని ఆయన పలికెననియు, ఎక్కడ కలదని అడుగగా, తాను వేదములను చదువలేదు గాని ఉండితీరునని బదులిచ్చెననియు సాహా స్వయముగ వ్రాసికొన్నాడు. వేదమును చదువనివాడు వేదమునకు చేసిన ఈ స్తుతి, నక్షత్రమును చూడనివాడు నక్షత్రమునకు చేసిన స్తుతివంటిదే. రెంటికిని శ్రమ అక్కరలేదు; రెంటివలనను ఎవరికిని ఏమియు తెలియదు.

1964లో న్యూజెర్సీ రాష్ట్రమున హోల్మ్‌డెల్ అనుచోట, పెన్జియాస్, విల్సన్ అను ఇరువురు యువశాస్త్రజ్ఞులు పెద్ద కొమ్ముబూర ఆకారమున నున్న రేడియో గ్రాహకమును పరీక్షించుచు, ఏ దిక్కునకు త్రిప్పినను, రేయింబవళ్లు ఒకేరీతిగ వినవచ్చు సన్ననిరొద యొకటి తొలగకుండుటచే విసిగిపోయిరి. లోపల గూడుకట్టుకొన్న పావురములను పట్టి దూరమునకు పంపిరి. వాని రెట్టను కడిగివైచిరి. లోహపు అతుకులకు రేకుపట్టీలు అంటించిరి. రొద మాత్రము మానలేదు. విశ్వము శైశవమున వెలువరించిన వేడిమి, వ్యాకోచముచే చల్లబడి, పరమశూన్యమునకు మూడు డిగ్రీలకు లోపుగ నేటికిని ఆకాశమంతయు నిండియుండుటయే ఆ రొదకు కారణము. 1965లో ఈ సంగతి ప్రకటితమైనది. గుండెజబ్బుతో ఆరోగ్యము చెడియున్న లెమేత్ర్‌కు మిత్రుడైన ఓడోన్ గొడార్ ఈ వార్త నందజేసెను. 1966 జూను 20వ తేదీన అతడు కన్నుమూసెను. తన పక్షము గెలిచినదని తెలిసిన పిమ్మటను, దానిని దేవునికి రుజువుగ అతడు వాడుకొనలేదు.

స్థిరస్థితివాదము ఓడినను హోయల్ కీర్తి తరుగలేదు. ఈ విషయమున అతని కథయే ఇంకను ఆసక్తికరమైనది. మన దేహములలోని కార్బన్ నక్షత్రగర్భమున మూడు హీలియం కేంద్రకములు కలియుటచే పుట్టును. ఆ కలయిక సాగుటకు కార్బన్ కేంద్రకమున 7.65 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక శక్తిస్థాయి యుండి తీరవలెనని హోయల్ ఊహించి, 1953లో కాలిఫోర్నియాలోని ప్రయోగశాలలో ఫౌలర్ బృందముచే వెదకించగా, అది అక్కడనే దొరకినది. ఆ స్థాయి కొంచెము తప్పియున్నచో కార్బన్ అరుదై, ప్రాణికోటియే లేకపోయెడిది. దీనిని తలపోసి తలపోసి, మతమన్న గిట్టని ఆ మహాశయుడే వార్ధక్యమున ఏదియో మహామేధ యొకటి భౌతికనియమములను సవరించియుండునని వ్రాయుటకు వచ్చెను. నేడు దైవమును నిరూపింపజూచువారు ఎక్కువగ ఎత్తు ఉదాహరణ ఇదియే; కాదనువారు అనేక విశ్వములను ఊహించి, వానిలో ఒకటి మనకు అనుకూలించినదందురు. లెమేత్ర్ దృష్టిని అలవరచుకొన్నవాడు ఈ రెండు పక్షములలో దేనిలోను చేరుటకు త్వరపడడు. 2011లో కొందరు భౌతికశాస్త్రజ్ఞులు ఆ శక్తిస్థాయిని కేంద్రకబలములనుండియే మహాగణకయంత్రముపై మొదటిసారిగ గణించి రాబట్టిరి. ఆ బలములు ఏపాటి మారినచో కార్బన్ పుట్టుక తప్పిపోవునో కొలుచు ప్రయత్నము అటుపిమ్మట సాగుచున్నది. ఆ లెక్క ఇంకను పూర్తికాలేదు.